మోకాళ్ల మీద వల

గుంటూరు, 12-2-2001

అమ్మా, నేను బాగానే ఉన్నాను, కంగారుపడకు. నా కాలికి సోకింది గాలి కాదట. నా ఒళ్లే నా రక్తం మీద పగబట్టి నరాల్లో గడ్డకట్టిస్తోందట. నాకు రెండు కడుపులూ నిలవనిది అందుకేనట.

నా మోకాళ్ల మీద ఊదారంగు చారలు వలలా అల్లుకుని ఉండడం చూసి డాక్టరమ్మ "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అంది. సువార్తక్కకి ఉండేదన్నాను. నిరుడు మిరప కల్లంలో అక్క కాలు వాస్తే ఆముదం రాసి పిసికింది నేనేగా! నా బొటనవేలి కింద గడ్డ జారింది. "పోయిందే రెబ్కా!" అని నవ్వింది. గంట తిరక్కుండా ఊపిరాడక చనిపోయింది. ఆ గడ్డే రక్తంలో పైకి పోయి ఊపిరికి అడ్డం పడి ఉంటుందట.

మబ్బు పట్టింది, కాయల మీద పట్టా కప్పించు. అక్క కూతురు ఎస్తేరుకి నీళ్లు పోసేటప్పుడు మోకాళ్లు చూసి కార్డు రాయించు. కాలు నొప్పంటే వెంటనే ఇక్కడికి తీసుకురా. దాని మీద ప్రభువు చెయ్యి ఉండాలి, మన చేతులు మాత్రం వద్దు.

నీ రెబ్కా