డ్రాగన్ బెంచీ

నామ్‌దిన్,
ఆదివారం పొద్దున్న.

ఖాయ్ అన్నయ్యా,

కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు. ముందుగదిలోంచి నాన్న బెంచీ తీసేశాను. "నాన్నని అడక్కుండా దాన్ని కదిపితే ఊరుకోను" అన్నావుగా, అడిగాకే తీశాను.

పెద్దల పీఠం మీద నాన్న ఫొటో ముందు అగరొత్తులు వెలిగించి, ఒకవైపు సున్నం పూసిన పాత నాణేలు రెండూ పళ్ళెంలో వేశాను. రెండూ తెల్లగానే పడ్డాయి. అంటే నాన్న నవ్వాడన్నమాట, మళ్ళీ అడగాలి. మళ్ళీ వేస్తే మళ్ళీ నవ్వాడు. బతికుండగా ఆ బెంచీ మీద కూర్చుని ఒక్కసారైనా నవ్వాడా చెప్పు!

"నువ్వడిగే తీరు అలా ఉంది, ఇటు తే" అని అమ్మ నాణేలు లాక్కుని నాన్న ఫొటో వైపు తిరిగింది.

"ఏమయ్యా, ఆ చెక్క డ్రాగన్ ముక్కు నలభై ఏళ్ళు నా వీపులో గుచ్చుకుంది. ఒక్కరోజైనా నోరెత్తానా? ఇప్పుడు పిల్ల మెత్తటి సోఫా తెస్తానంటోంది. సరేనా, కాదా?"

నాణేలు పడీ పడగానే వాటిమీద అరచెయ్యి మూసి, వేళ్ళ సందులోంచి తనే చూసుకుంది.

"ఒకటి తెలుపు, ఒకటి నలుపు. ఒప్పుకున్నాడు" అంది.

నన్ను చూడనివ్వలేదు. నేనూ అడగలేదు.

పసుపురంగు సోఫా నిన్న వచ్చింది. అప్పట్నుంచీ అమ్మ దాన్ని వదిలితే ఒట్టు. ఇదిగో, కాళ్ళు చాపుకుని గురక పెడుతోంది. వచ్చేనెల నాన్న తద్దినానికి వచ్చినప్పుడు నువ్వూ కూర్చుని చూడు. అప్పటికీ కోపం తగ్గకపోతే, డ్రాగన్ని పారెయ్యలేదులే, వసారాలో నీకోసం ముక్కు చాచుకునే ఉంది.

నీ చెల్లెలు