చిప్పు చెప్పిన ఊరు

తమ్ముడూ హిద్దె,

ముందు కూర్చో. కూర్చుని చదువు. సముద్రంలో ఇసుక తవ్వడం ఓ అరగంట ఆపితే నీ ఓడేం మునిగిపోదు. కాగితం మీద ఎందుకు రాస్తున్నానంటే, ఫోన్‌లో అయితే నువ్వు మాట మార్చేస్తావు.

అమ్మ పోయిన ఆ వసంతంలో నువ్వు షాంఘై నుంచి పంపిన ఫోన్ ఇంకా నా దగ్గరే ఉంది. ఇన్నేళ్ళూ గడ్డిలో నేల మీదుండే తీతువు గూళ్ళను అందులోనే గుర్తుపెడుతున్నాను. నేను గుర్తుపెడితేనే కదా రైతులు గడ్డి కోసేటప్పుడు ఆ గుడ్లను వదిలేసి కోసేది! ఈ ఏడు ఆ గూళ్ళ పటం తెరుచుకోనని మొండికేసింది. ఫోన్ పాతదైపోయిందట, కంపెనీవాళ్ళు దీనికి కొత్త సాఫ్ట్‌వేర్ ఇవ్వడం మానేశారట. పారేసి ఇంకోటి కొనుక్కోమని అందరూ అన్నారు. నిక్షేపంలా ఉన్న వస్తువును పారేయడానికి నాకు చేతులు రాలేదు. శనివారం చర్చి హాల్లో పెట్టే రిపేర్ కెఫేకి పట్టుకెళ్ళాను.

అక్కడ ఎవరున్నారనుకున్నావ్? మన సైన్సు మాస్టారు ఈల్కె! రిటైరయ్యాక ఫోన్లు బాగుచేస్తున్నాడు. వస్తువు ఇచ్చేసి పోతానంటే అక్కడ కుదరదు. పక్కనే కూర్చోవాలి, చెయ్యి మనమే వెయ్యాలి. కాఫీతో ఒకే ఒక్క బిస్కెట్ ఇచ్చి డబ్బా మూత టప్పున మూసేశారు.

"ఎక్కడిదమ్మా ఇది?" అన్నాడు.

"మా తమ్ముడు షాంఘైలో కొని పంపాడు మాస్టారూ."

కంపెనీ మానేసినా బయటివాళ్ళు తయారుచేసి పెడతారట; అందులోంచి చైనా ఫోన్‌కి సరిపోయే కొత్త సాఫ్ట్‌వేర్ సిద్ధం చేశాడు. తెర మీద నొక్కడమే తరువాయి. నేను వేలు పెట్టబోతుంటే "ఆగాగు!" అని చెయ్యి పట్టుకున్నాడు. "ముందు ఇందులో ఏ ప్రాసెసర్ ఉందో చూద్దాం. పేరు ఇదే, రంగు ఇదే, కానీ చైనాలో అమ్మేదానికి ఒక చిప్పు, మన దగ్గర అమ్మేదానికి ఇంకో చిప్పు. ఒకదాని సరుకు ఇంకోదానికి ఎక్కించామా, ఇక ఇది ఇటుకే."

"తమ్ముడు చెప్పాడుగా!"

"నీ తమ్ముడా! తాతకి జబ్బని ఎన్నిసార్లు బడి ఎగ్గొట్టాడు! ఆ తాతేమో రోజూ నా కళ్ళముందే చేపలు పట్టేవాడు. వాడి మాటెందుకు, ఫోన్‌నే అడుగుదాం."

ఒక చిన్న ప్రోగ్రామ్ ఎక్కించాడు. తెర మీద చిప్పు పేరు వచ్చింది. మాస్టారు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ చూశాడు. "ఇది చైనాది కాదు వీట్స్‌కె. ఇక్కడ అమ్మిందే," అన్నాడు.

నీ మాట నమ్మి నొక్కి ఉంటే ఫోన్ చచ్చేది. అలాంటి చిప్పు బొమ్మను ఆయన పెద్దది చేసి చూపించాడు. అసలు చిప్పు ఎంతో తెలుసా? నా చిటికెన వేలి గోరంత! అందులో మన పొలాల్లో కాలవల్లా గీతలు, వాటి మధ్య మళ్ళీ గీతలు, చూసినకొద్దీ ఇంకా సన్నవి. దేవుడా, మనుషులే చేశారా దీన్ని! నేను కాఫీ తాగడం మర్చిపోయాను. నోరులేని ఇంత చిన్న ముక్క, తను ఎక్కడిదో అడగగానే చెప్పేసింది. నోరున్న నా తమ్ముడు ఆరేళ్ళుగా చెప్పలేదు.

మాస్టారు సరైన సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. ఫోన్ లేచి కూర్చుంది, పటం తెరుచుకుంది. నాకు మాత్రం సంతోషం లేదు. ఇరుగుపొరుగు వాళ్ళు అమ్మ శవపేటికను మోస్తూ చర్చి చుట్టూ మూడుసార్లు తిరుగుతుంటే నేనొక్కదాన్నే వెనక నడిచాను. నువ్వు షాంఘైలో ఉన్నానన్నావు. మరి ఈ ఫోన్ ఇక్కడెలా కొన్నావు? ఇంత దగ్గరకి వచ్చి కూడా అమ్మ మొహం చూడకుండా పోయావా? గూడు ఎవరికీ దొరక్కూడదని తీతువు దూరంగా పోయి అరిచినట్టు, ఇన్నాళ్ళూ చైనా చైనా అని నన్ను ఏమార్చావా? నిజం చెప్పు. చెప్పకపోతే ఇక నీకూ నాకూ మాటల్లేవు.

నీ అక్క,
వీట్స్‌కె

*

అక్కా,

మాస్టారు మహా గట్టివాడు. అవును, అది షాంఘైలో కొనలేదు. మన పక్కనున్న లేవార్డెన్‌లోనే కొన్నాను. కొనిపించింది అమ్మ.

అమ్మే పిలిచింది, వచ్చాను. నువ్వు పొద్దున్నే పొలాల్లోకి వెళ్ళాక వచ్చి, నువ్వు తిరిగొచ్చేలోపు వెళ్ళిపోయేవాణ్ణి. అలా రెండు రోజులు అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. డాక్టరు ఏమన్నాడో నాకు చెప్పింది. "దానికి చెప్పకురా. నువ్వు ఇంత దూరం వచ్చావని తెలిస్తే నా పని అయిపోయిందని దానికి అర్థమైపోతుంది. గూళ్ళన్నీ వదిలేసి నా మంచం పట్టుకు కూర్చుంటుంది. పిట్టలు పిల్లల్ని చెయ్యనీ, అప్పుడు నేనే చెబుతా," అంది.

తర్వాత నీ సంగతే. "గూళ్ళ కోసం గడకర్ర ఊతంతో ఒక్కర్తే కాలవలు దూకుతుంది. ఎక్కడైనా పడితే పిలవడానికి జేబులో ఓ ఫోనన్నా ఉండద్దూ! నేనిస్తే పుచ్చుకోదు, నేనేమన్నా పసిపిల్లనా అంటుంది. షాంఘైలో కొన్నానని నువ్వు పంపు. పొట్లం మీద చైనా స్టాంపులుండాలి సుమా!" దాన్ని షాంఘై దాకా మోసుకెళ్ళి, అక్కడి నుంచి నీకు పోస్టు చేశాను. అది దారిలో ఉండగానే అమ్మ పోయింది. అప్పుడు నేను నిజంగానే షాంఘైలో ఉన్నాను అక్కా, చివరిచూపు అందుకోలేకపోయాను.

తర్వాత చెబుదామనే అనుకున్నాను. అమ్మ నాకు చెప్పి నీకు చెప్పలేదంటే నువ్వు తట్టుకోలేవనిపించింది. అందుకే తిట్టినన్నాళ్ళూ పడ్డాను. వచ్చే నెల సెలవు దొరికింది, హార్లింగెన్‌లో బస్సు దిగి నడిచి వస్తాను. ఆ గడకర్ర నాకూ ఒకటి తీసి ఉంచు.

ఒక్క మాట. ఫోన్‌ని దాని అట్టపెట్టెలో పెట్టేముందు అమ్మ దాన్ని ఏప్రన్‌తో తుడిచింది. మళ్ళీ తుడిచింది. ఎందుకమ్మా అంటే, "నా వేలిముద్రలు కనిపిస్తే అది పసిగట్టేస్తుందిరా," అని నవ్వింది.

నీ తమ్ముడు,
హిద్దె