పొగ చూసి నొక్కాలె

పద్మారావు నగర్‌లో డాడీకి, మమ్మీకి వందనాలు.

డాడీ, ఫోన్‌లో నా మాట మీకు వినపడదు, మమ్మీ సగమే చెప్తుంది, అందుకే ఈ కార్డు. ల్యాబ్‌లో వచ్చిన ఇబ్బంది తీరింది, బెంగపడకండి. మేము కొలిచేది కేంద్రక చర్యలో పుట్టే న్యూట్రాన్ల శక్తి. అవి బయలుదేరగానే గడియారం మొదలుపెట్టి, గది అవతల ఉన్న డిటెక్టర్‌ని చేరగానే ఆపుతాం. ఎంత తొందరగా చేరితే అంత శక్తి. మీరు గ్రౌండులో పెట్టించిన పరుగుపందెమే అనుకోండి. వాటితోపాటు వచ్చే గామా కిరణాలది కాంతి వేగం. మొన్న అవి కాంతికంటే ముందే చేరినట్టు లెక్క వచ్చింది. అది జరగని పని. మా సార్ డిటెక్టర్ విప్పించబోయారు. నాకేమో మీరు పీఈటీగా ఉన్నప్పుడు పిల్లల చేతికి స్టాప్‌వాచీ ఇచ్చి చెప్పే మాట గుర్తొచ్చింది: "పిస్తోలు పొగ చూసి నొక్కాలె బిడ్డా, చప్పుడు కోసం ఆగితే లేటయితది." మా గడియారమూ లేటుగానే మొదలవుతోంది, అందుకే టైమ్ తక్కువ చూపిస్తోంది! బల్ల జరిపినప్పుడు అందడం లేదని స్టార్ట్ సిగ్నల్‌కి పొడుగు కేబుల్ వేశాం, అదంతా దాటి వచ్చేసరికి సిగ్నల్‌కి ఆలస్యం. అది మార్చాక లెక్క కుదిరింది.

మమ్మీ, తమ్ముడు బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి ఉసిరికాయలు తెచ్చాడా? పచ్చడిలో ఈసారి కారం తగ్గించు. గీజర్ బాగుచేయించారా?

స్కూల్ స్పోర్ట్స్ డేకి టైమ్ చూడమని పిలిస్తే, చెవి వినపడదని రానన్నారట డాడీ. మీరు వాచీ నొక్కింది ఎప్పుడైనా చెవితోనా? కళ్లద్దాలు తుడుచుకుని వెళ్లండి.

మీ బొటనవేలికి దేవుడు తోడుండాలని ప్రార్థిస్తూ,
హదస్సా