రాతి సొమ్ములో ఒక గురువారం

జూన్ 9, సోమవారం

నంద్యాల వెళ్ళొచ్చాను. కలెక్టరాఫీసులో అర్జీల రోజు. గనుల మీద ప్రభుత్వానికి వచ్చే రాయల్టీలో కొంత వాటా గని ఊళ్ళకే ఖర్చు పెట్టాలట. ఊపిరితిత్తులు చూసే ఎక్స్‌రే బండి ఆ నిధితోనే తిరుగుతోంది. మా ఆళ్లగడ్డకు మాత్రం రాదు. ఎందుకో ఈ రోజు తెలిసింది. చిన్న వయసు అధికారి, ఓపికగా కంప్యూటర్ నా వైపు తిప్పి చూపించాడు. "సర్వేలో మీ శిల్పుల వీధంతా రాతిదుమ్ము పని లేదని చెప్పినారమ్మా."

మొదట చెప్పింది మా ఆయనే. "మేం రాళ్ళు కొట్టేటోళ్ళం కాదప్పా. మాది దైవకార్యం." ఆ తర్వాత వీధిలో అందరిదీ అదే మాట.

జూన్ 10

ఆయన దగ్గు తగ్గలేదు. నెల సరుకుల లెక్కలో దగ్గు మందు ఇప్పుడు ఉప్పు, కందిపప్పుల పక్కకు చేరిపోయింది.

జూన్ 11, బుధవారం

ఆ అధికారి ఫోన్. బండి తిరిగే ఊళ్ళ జాబితా ఇప్పట్లో మారదట. కానీ మా దగ్గరలోని గని ఊరి గ్రామసభ ఒప్పుకుంటే, బండి వాళ్ళకు వచ్చే రోజుల్లో ఒకటి మాకు ఇవ్వవచ్చట. వాళ్ళెందుకిస్తారు... అయినా గుర్తు పెట్టుకుని ఫోన్ చేశాడు. చెప్పకపోయినా అడిగేవాళ్ళు లేరు. చల్లగా ఉండాలి.

ఆ ఊళ్ళోనే మా ఆడబిడ్డ సుబ్బలక్ష్మి ఉంది. వాళ్ళాయనది కొలిమి — క్వారీ ఉలులకు పదును పెడతాడు. "రా వదినా, ఆదివారం సభ ఉండాది. తిట్లు తినేకి తయారై రా" అంది.

జూన్ 15, ఆదివారం

బడి వరండాలో సభ. లేచి మా వీధి సంగతి, ఆయన దగ్గు సంగతి చెప్పాను.

ముందు వరుసలో రాళ్ళు కొట్టే ఆడవాళ్ళు. "ఏందమ్మా, దేవుళ్ళను చేసేటోళ్ళకు మా బండి ఎందుకంట?" — నవ్వులు. "రోడ్డు అడిగితిమి, నీళ్ళు అడిగితిమి. ఇన్నేండ్లకు బండి ఒకటి వచ్చె. దాన్నీ పంచల్నా?"

తప్పేముంది? తవ్వింది వాళ్ళ నేలను. కూర్చున్నాను.

అప్పుడు ఓబులమ్మ అనే ఆమె లేచింది. ఆమె మొగుడు క్వారీలో చేసి చేసి, ఊపిరాడక పోయాడట. నా దగ్గరకు వచ్చి, "మీ ఆయప్ప పండుకోని నిద్రపోతాడా, కూచోనా?" అని అడిగింది.

"దిండ్లు ఆనుకుని... కూర్చునే" అన్నాను.

ఎవరూ నవ్వలేదు.

ఓబులమ్మ సభ వైపు తిరిగింది. "మనకు బండి వచ్చే గురువారం ఒక దినం ఇద్దాం. అయితే ఒకటి. ముందు ఈ గురువారం ఆయప్ప ఈడికి వచ్చి మా లైన్లో నిలబడల్ల."

చేతులు లేచాయి. అన్నీ కాదు. సరిపడా.

వస్తూ ఆమెకు దండం పెట్టబోతే చెయ్యి పట్టుకుంది. "తొందరగా పిల్చుకోని రా" అంది.

జూన్ 16

చెప్పాను. ఆయన లేచాడు. రాయి కోసే గ్రైండర్ ఆన్ చేశాడు.

జూన్ 17

"ఆ లైన్లోనా?" — ఇంతే. అన్నం సగం వదిలేశాడు.

జూన్ 18

ఇస్త్రీ చొక్కా అడిగాడు. రేపటికట. తీసి మంచం మీద పెట్టాను. స్వామీ, మనసు మారకుండా చూడు.

జూన్ 19, గురువారం

మొదటి బస్సుకు వెళ్ళాం. ఓబులమ్మ చూసి, "రాప్పా శిల్పీ, నా ఎనక నిలబడు" అంది. నిలబడ్డాడు. వెనకున్న క్వారీ ఆయన ఈయన అరచెయ్యి తిప్పి చూశాడు. "మా చేతుల మాదిరే ఉండాయే! దేవుడు మెత్తగా పెట్టలేదా నీకు?" ఈయన నవ్వాడు. నవ్వితే దగ్గు. ఆ దగ్గు విన్నాక ముందున్నవాళ్ళంతా పక్కకు జరిగారు, నువ్వు పో అని. పోలేదు. తన వంతు దాకా ఎండలోనే ఉన్నాడు.

ఎక్స్‌రే ఫొటో తీశారు. వచ్చే వారం చెబుతారట.

సుబ్బలక్ష్మి ఇంట్లో భోజనం. చాలా రోజులకు కడుపు నిండా తిన్నాను.

జూన్ 26, గురువారం

బండి మా వీధికి వచ్చింది! ఆయనే ఇంటింటికీ వెళ్ళాడు. "సిగ్గేందప్పా, రాండి. నేను పోయి వచ్చినా గదా." కొందరు వచ్చారు. కొందరు తలుపు సందులోంచి చూశారు.

ఆయన ఎక్స్‌రే గురించి డాక్టర్ చెప్పాడు. ఊపిరితిత్తుల్లో మచ్చలు ఉన్నాయి. గ్రైండర్ ఇక ముట్టకూడదు. నంద్యాల పెద్దాసుపత్రిలో ఇంకా పరీక్షలు చేయించాలి. ఆ పరీక్షలకు, మందులకు కూడా గని నిధి ఇస్తుందా అని అడిగాను. "రాసి పంపుతానమ్మా. జాబితాలో లేరు కదా... చూడాలి."

చూడాలి. ఈ మాత్రం తెలియడమే మేలు. ఓబులమ్మ మొగుడికి తెలియనే లేదు. వాళ్ళు ఇచ్చిన రోజు ఇది. ఆ ఊరి ఆడవాళ్ళకు ఎలా తీర్చుకోను.

సాయంత్రం. గ్రైండర్ చప్పుడు లేదు. సగం ముఖం చెక్కిన అమ్మవారి ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. రాయి మీద చెంబుతో నీళ్ళు పోస్తున్నాడు. చేతి ఉలి తీశాడు. తడి రాయికి దుమ్ము లేవదని కాబోలు... చేతి ఉలి పట్టొచ్చా అని డాక్టర్ను అడగలేదే.

గుమ్మంలో నిలబడ్డాను. ఆపాలా — నీళ్ళు ఇంకాసిన్ని తెచ్చివ్వాలా...