మూడు రోజుల మైల

తుని, 1869

ప్రియమైన నాన్నగారికి, నరసింహం నమస్కారాలు.

దత్తత హోమం కాగానే మీరు వెనక్కి చూడకుండా బండెక్కేశారు. నేను మీ వెంట పరుగెత్తాను. పెదనాన్నగారు పట్టుకున్నారు. "అమ్మా అని పిలిస్తేనే అరిసె పెడతానురా" అంటోంది దొడ్డమ్మ. నేను పిలవలేదు. నాకిప్పుడు ఎనిమిదేళ్లు కదా, ఎన్నేళ్లొస్తే మనింటికి రావచ్చు?

మీ కొడుకు

పాలకొల్లు, 1869

చిరంజీవి నరసింహానికి బాబాయి ఆశీస్సులు.

ఇకమీదట నన్ను నాన్న అని రాయకు. నాకు ఇద్దరు కొడుకులు, అన్నయ్యకు ఒక్కడూ లేడు. అందుకే ఇచ్చాను. దొడ్డమ్మనే అమ్మా అని పిలువు, అరిసె తిను. పసివాడివి, నాలుగు నెలల్లో అలవాటు పడతావు.

నీ బాబాయి సూర్యనారాయణమూర్తి

పాలకొల్లు, 1877

చిరంజీవి నరసింహానికి,

నీ పిన్ని మొన్న జ్వరంతో పోయింది. ఆఖర్న నిన్నే కలవరించింది. దత్తు వెళ్లినవాడికి కన్నతల్లి మైల మూడు రోజులే. కర్మ మీ అన్న చేస్తున్నాడు, నువ్వు రానక్కర్లేదు. పదహారేళ్లవాడివి, అర్థం చేసుకో.

నీ బాబాయి

తుని, 1877

బాబాయిగారికి నమస్కారాలు.

మూడు రోజులు వసారాలో విడిగా కూర్చున్నాను. నాలుగోనాడు తలస్నానం చేయించి పప్పూ అన్నం పెట్టారు. తిన్నాను. నా ఈడువాళ్లు పెద్దయ్యాక ఏమవుదామా అని మాట్లాడుకుంటున్నారు. నేను ఎవరికి ఏమవుతానో నాకింకా తేలలేదు.

నరసింహమూర్తి

పాలకొల్లు, 1894

నాన్నా నరసింహం,

మీ అన్న కలరాతో పోయి ఏడాదైంది. వాడికి బిడ్డలు లేరు. అన్నయ్యా వదినా కూడా పోయారు, ఇంకెవరి కోసం బాబాయినని రాసుకోవడం? నిన్ను కన్నవాణ్ణి నేను. నాకు తలకొరివి పెట్టేవాడు లేడు. నీ రెండోవాడు బుజ్జిబాబుకు ఎనిమిదో ఏడు. ఒడుగు చెయ్యకముందే వాణ్ణి నాకు దత్తత ఇవ్వు. వాడూ నాలుగు నెలల్లో అలవాటు పడతాడు.

మీ నాన్న

తుని, 1894

ప్రియమైన బాబాయిగారికి,

నిన్న బుజ్జిబాబు మోకాలు గీసుకుపోయి, వీధిలోంచి "నాన్నా" అని ఏడుస్తూ వచ్చి నా ఒళ్లో పడ్డాడు. వాణ్ణి ఇవ్వను.

"మీ నాన్న" అని మీరు రాస్తారేమోనని పాతికేళ్లు ఎదురుచూశాను. నా ముప్పై మూడో ఏట రాశారు, అదీ నా కొడుకును అడగడానికి. మీరు చెప్పిన ఆ నాలుగు నెలలు నాకింకా పూర్తికాలేదండి.

కర్మకు జ్ఞాతుల్లో ఎవరో ఒకరు దొరక్కపోరు. కబురు అందితే నేను మూడు రోజులు మైల పడతాను. నాలుగోనాడు తలస్నానం చేసి, పప్పూ అన్నం తింటాను.

మీ అన్నగారి కొడుకు
నరసింహమూర్తి