వెర్నన్ పళ్లెంలో ఉప్పు

బొలోన్యా, జూన్ 19

హేజెలక్కా,

లిస్బన్, లియోన్ తిరిగి క్షేమంగా ఇక్కడికి చేరామని అమ్మకు చెప్పు. మిగతాది నీ ఒక్కదానికే. సగం తిన్నాక పళ్లాలు మార్చుకోవడం మా మొగుడూపెళ్లాల అలవాటు కదా! ఇవాళ వెర్నన్ పళ్లెంలోది ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుంటే ఉప్పు కషాయం. తనేమో సగం లాగించేశాడు.

"నీకసలు రుచి తెలుస్తోందా?" అని నిలదీశాను.

"మార్చిలో జలుబు చేసినప్పట్నుంచీ తెలియట్లేదే. ఇక్కడి తిండికైనా తిరిగొస్తుందనుకున్నా," అన్నాడు.

మిల్వాకీలో మన హోటల్ సూపు రోజూ రుచి చూసి సరేననేది తనే! వెర్నన్ నాలుకను నమ్ముకుని మనం తెరవబోతున్న రెండో హోటల్ కాగితాల మీద బావను సంతకం పెట్టనివ్వకు. నా టమాటా మొక్కలకు నీళ్లు పోస్తున్నావా? పిల్లలకు ముద్దులు.

తర్వాత వెళ్లాల్సిన వియన్నా మానేసి ఇంటికొచ్చేద్దామంటే వినడు. "నువ్వు తిని ఎలా ఉందో చెప్తుండు, నేను వింటుంటా," అంటున్నాడు.

నీ చెల్లెలు,
లోయిస్