లావు బాణాలు

నిమ్మనపల్లె, 12-11-78, ఆదివారం రాత్రి

బావమరిది నాగప్ప చెనక్కాయ చేనికి అడవిపందుల కాపలా పోయాడు. పోయేముందు కొత్త విల్లుకు పాత సన్న బాణాలు తీశాడు. నేను ఒకటి వంచి చూస్తే చిట్లింది.

"విల్లు బిర్రుగా ఉండాది నాగప్పా. ఇవి ఇరిగి నీ చేతిలోనే దిగతాయి."

"సన్నవైతేనే దూరం పోతాయి బావా."

"దూరం పోయేది నీ ఏలు."

లావు వెదురువి వంకర లేకుండా ఏరి నాలుగిచ్చాను. గొణుగుతూ తీసుకుపోయాడు. చెయ్యి కాపాడానని అన్నానికి కూర్చున్నాను.

"ఆ బరువైనవి యాడిదాకా పోతాయి?" అని మా ఆవిడ అడిగింది.

"పది బారలు" అన్నాను. తన తమ్ముడు పందికి అంత దగ్గరికి పోవాలని ఆమెకూ తెలిసింది. ఇద్దరం కంచాలు పక్కకు జరిపాం.

పోయి పిలుచుకొద్దామంటే, చీకట్లో నన్నే పంది అనుకుని కొడతాడేమో. ఏరి ఇచ్చినవి మంచి బాణాలు.